షార్లట్స్‌విల్ పార్కులో జనరల్ లీ విగ్రహం తొలగింపు: ఒక నివాసిగా నా అనుభవం

వర్జీనియా రాష్ట్రంలో మేముండే షార్లట్స్‌విల్ నడిబొడ్డున, ఒక చిన్న పార్కులో, 1924 నుంచి 2021 వరకు జనరల్ రాబర్ట్ ఇ. లీ కంచు విగ్రహం ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో, బానిస వ్యవస్థను కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షాన సైన్యాన్ని నడిపినవాడు లీ. ఆ విగ్రహాన్ని తీసివేయాలని 2016లో అర్జీ పెడితే, అది పీఠం దిగేసరికి 2021 జులై వచ్చింది. అంతకాలమూ నేను ఈ ఊళ్ళోనే ఉండి, సిటీ కౌన్సిల్ సమావేశాలకు వెళ్ళి, మాట్లాడి, కోర్టు ఉత్తర్వుల కోసం ఎదురుచూసి, చివరికి క్రేను దాన్ని ఎత్తిన ఉదయం కంచె ఇవతల నిలబడి కళ్ళారా చూశాను. ఎందుకు తీశారన్న దాని మీద చాలామంది రాశారు. ఎలా తీశారన్నది, అంటే ఏ గడప ఎక్కి ఎవరిని అడిగి ఏ చట్టం మారితే తీయగలిగారన్నది, రాత్రికి రాత్రి విగ్రహాలు లేవడమూ కూలడమూ చూసిన మన తెలుగువారికి తెలియాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

పార్కుకు ఎదురుగానే ఊరి గ్రంథాలయం ఉంది. పిల్లవాడిని అక్కడికి తీసుకువెళ్ళిన ప్రతిసారీ ఆ విగ్రహం కంటపడేది. పీఠంతో కలిపి మూడంతస్తుల మేడకు కొద్దిగా తక్కువ ఎత్తు. గుర్రం అడుగు ముందుకు వేస్తూ ఉంటుంది. లీ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎటో దూరంగా చూస్తూ ఉంటాడు. హెన్రీ ష్రేడీ అనే శిల్పి మొదలుపెట్టి 1922లో చనిపోతే లియో లెంటెల్లి పూర్తి చేశాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. స్థలమూ విగ్రహమూ ఊరికి ఇచ్చినవాడు పాల్ గుడ్‌లో మెకింటైర్ అనే ధనికుడు. 1921లో ఆయనే కోర్టు పక్కన మరో దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ విగ్రహం కూడా పెట్టించాడు. జాక్సన్ విగ్రహం పెట్టిన పార్కు కోసం నల్లజాతివారు నివసించిన మెకీ రో అనే ఇళ్ళ వరసను నేలమట్టం చేశారు. నల్లవారిని భయపెట్టి తెల్లవారి ఆధిపత్యం నిలపాలనే కు క్లక్స్ క్లాన్ అనే ముఠా శాఖ ఊళ్ళో ఏర్పడినదీ ఆ 1921లోనే. యుద్ధం 1865లో ముగిసింది. అంటే ఈ విగ్రహాలు యుద్ధంలో పోయినవారి కోసం ఏడ్చిన తరం పెట్టినవి కావు. నల్లవారికి ఓటూ బడీ బస్సులో సీటూ కూడా వేరుచేసిన తరం పెట్టినవి.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు మా పక్కింటి పెద్దావిడ మాటల్లో అర్థమైంది. ఆవిడ నల్లజాతి కుటుంబంలో, ఇదే ఊళ్ళోని వినెగర్ హిల్ పేటలో పుట్టి పెరిగారు. అభివృద్ధి పేరుతో 1960లలో ఆ పేటను ఇళ్ళూ దుకాణాలూ సహా మొత్తంగా కూల్చేశారు. దాని మీద జనాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఓటు వేయాలంటే పన్ను కట్టాలన్న నిబంధన ఉండటంతో, అక్కడుండే చాలామందికి తమ ఇళ్ళ విషయంలోనే ఓటు లేకుండా పోయింది. చిన్నప్పుడు లీ పార్కులోకి వెళ్ళేవారా అని అడిగితే, వెళ్ళకూడదని ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ గుర్రాన్ని చూస్తే తెలిసేది, అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

2016 మార్చిలో మా ఊరి హైస్కూలు విద్యార్థిని జయానా బ్రయంట్ విగ్రహం తొలగించాలని కౌన్సిల్‌కు అర్జీ పెట్టింది. అప్పుడామెకు పదిహేనేళ్ళు. ఉపమేయర్ వెస్ బెల్లమీ గట్టిగా సమర్థించారు. కౌన్సిల్ వెంటనే నిర్ణయం తీసుకోకుండా, జాతి, స్మారకాలు, బహిరంగ స్థలాలు అన్న అంశాల మీద ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ నెలల తరబడి సభలు పెట్టి ఊరివాళ్ళు చెప్పింది విన్నది, పాత దస్తావేజులు తీయించింది. 1860 నాటికి మా కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభాలో సగానికి పైగా బానిసలేనన్న లెక్క నేను మొదటిసారి విన్నది ఆ సభల్లోనే. 1865 మార్చి 3న ఉత్తరాది సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు వాళ్ళందరికీ విడుదల దొరికింది. అంటే లీ ఓటమి మా ఊళ్ళో సగం మందికి పండగ. ఆ పండగకు అప్పటికి ఊళ్ళో ఒక రాయి కూడా లేదు. డిసెంబరులో కమిషన్ రెండు దారులు సూచించింది: లీ విగ్రహాన్ని మరో పార్కుకు తరలించడం, లేదా ఉన్నచోటనే ఉంచి దాని అర్థం మారేలా చుట్టూ మార్పులు చేయడం.

నేను మాట్లాడింది ఆ రోజుల్లోనే. ఇక్కడ కౌన్సిల్ సమావేశంలో ఊరి నివాసి ఎవరైనా ముందుగా పేరు ఇచ్చి మాట్లాడవచ్చు. పౌరసత్వం ఉండాలన్న నియమం లేదు, నాకు అప్పటికి గ్రీన్‌కార్డే ఉంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. సభ్యులు ఎత్తుగా ఉన్న బల్ల వెనుక వరసగా కూర్చుంటారు, మైకు ముందు గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. వెళ్తున్నానని తెలిసి మా తెలుగువాళ్ళలో పెద్దవారొకరు, "మనకెందుకమ్మా ఈ గొడవ? వాళ్ళ యుద్ధం, వాళ్ళ విగ్రహం. మనం ఉద్యోగం చేసుకోవడానికి వచ్చాం," అన్నారు. ఆయన మంచికే చెప్పారు, భయంతోనూ చెప్పారు. కాని పన్ను కట్టే ఊరు నాది కాదా, పిల్లవాడు ఆడుకునే పార్కు నాది కాదా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. నల్లవాళ్ళు పోరాడి సాధించిన చట్టాల గాలికే 1965లో వలస చట్టం మారి, మనలాంటి వాళ్ళకు ఈ దేశంలో తలుపు తెరుచుకుంది. వాళ్ళ గొడవ మనది కాదనడం నాకు చేతకాలేదు.

ఆ మూడు నిమిషాల్లో నేను మద్రాసులోని నీల్ విగ్రహం సంగతి చెప్పాను. 1857లో కాశీ, అలహాబాదు ప్రాంతాల్లో జనాన్ని ఊచకోత కోయించిన జేమ్స్ నీల్ అనే ఆంగ్లేయ అధికారికి మద్రాసు మౌంట్ రోడ్డులో విగ్రహం ఉండేది. మన ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోనే ఉన్న 1927లో, దాన్ని తీయాలని యువకులు సత్యాగ్రహం చేసి జైళ్ళకు వెళ్ళారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక దాన్ని అక్కడినుంచి తొలగించారు, ఇప్పుడది ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దానితో చరిత్ర చెరిగిపోలేదనీ, నీల్ ఏమి చేశాడో తెలుసుకోవాలనుకునేవారికి ఇప్పటికీ అక్కడ కనిపిస్తాడనీ, రోడ్డు మీద నిలబడి నమస్కారం అందుకునే హోదా మాత్రమే పోయిందనీ చెప్పాను. బల్ల వెనుక కూర్చున్న వారిలో ఒకరు కాగితం మీద రాసుకోవడం చూశాను. నాకు అది చాలనిపించింది.

2017 జనవరిలో తీర్మానం ఓటుకు వచ్చినప్పుడు ఐదుగురిలో ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు, ఒకరు ఓటు వేయలేదు. హాలంతా గందరగోళమైంది. ఫిబ్రవరి 6న మళ్ళీ పెడితే 3-2 తేడాతో నెగ్గింది. వ్యతిరేకించిన ఇద్దరూ జాత్యహంకారులు కారు. విగ్రహాన్ని ఉంచి దాని పక్కన అసలు కథ చెప్పాలన్నది వారి వాదన, నిజాయితీగా చెప్పిన వాదనే. నేను అప్పుడూ ఇప్పుడూ దానితో ఏకీభవించలేదు. అంత ఎత్తున గుర్రం మీద ఉన్నవాడి కాళ్ళ దగ్గర ఒక ఫలకం పెట్టి ఇతడు తప్పు చేశాడని రాస్తే, చూసేవాడి తల పైకే ఎత్తుతుంది కాని ఫలకం వైపు వంగదు.

ఓటు గెలిస్తే పని అయిపోయినట్టేనని అందరమూ అనుకున్నాం. మార్చిలో విగ్రహాన్ని ఉంచాలనే సంఘాలూ కొందరు నివాసులూ కోర్టుకు వెళ్ళారు. యుద్ధ స్మారకాలను స్థానిక సంస్థలు కదిలించరాదని అప్పట్లో వర్జీనియాలో చట్టం ఉండేది. 1904లో కౌంటీల కోసం మొదలైన ఆ నిబంధనను 1997లో నగరాలకు కూడా వర్తింపజేశారు. మేలో జడ్జి స్టే ఇచ్చారు. ఊరు ఎన్నుకున్న కౌన్సిల్ ఊరి పార్కులో ఉన్న ఊరి విగ్రహాన్ని కదిలించడానికి లేదు. పార్కు పేరు మార్చడానికి మాత్రం అడ్డులేకపోవడంతో, జూన్‌లో లీ పార్కు కాస్తా ఎమాన్సిపేషన్ (బానిసత్వ విముక్తి) పార్కు అయింది. మరుసటి ఏడాది అదీ మారి మార్కెట్ స్ట్రీట్ పార్కు అయింది.

ఆ వేసవి గురించి రాయడం కష్టం. మే నెలలోనే కాగడాలతో ఒక గుంపు విగ్రహం దగ్గర చేరింది. జులైలో క్లాన్ వచ్చింది. ఆగస్టు 11 రాత్రి విశ్వవిద్యాలయం ఆవరణలో వందలాదిమంది కాగడాలు పట్టుకుని నినాదాలు చేస్తూ నడిచారు. మరునాడు శనివారం, విగ్రహాన్ని కాపాడతామంటూ దేశం నలుమూలల నుంచి శ్వేతజాతి దురహంకారులు కర్రలు, డాళ్ళు, తుపాకులతో పార్కుకు వచ్చారు. సభ ప్రారంభం కాకముందే వీధుల్లో కొట్లాటలు మొదలై, పోలీసులు అది చట్టవిరుద్ధమైన గుంపని ప్రకటించారు. మధ్యాహ్నం, వారిని నిరసిస్తూ వీధిలో నడుస్తున్న జనం మీదికి ఆ గుంపుతో వచ్చిన ఒకడు కారు తోలాడు. హెదర్ హేయర్ అనే ముప్పై రెండేళ్ళ యువతి చనిపోయింది, ఎంతోమంది గాయపడ్డారు. ఆ సాయంత్రమే, పైనుంచి పరిస్థితిని గమనిస్తున్న పోలీసు హెలికాప్టర్ కూలి ఇద్దరు అధికారులు మరణించారు. మేము ఇంట్లోనే ఉన్నాం. ఉదయం నుంచి తల మీద తిరుగుతున్న హెలికాప్టర్ చప్పుడుకు పిల్లవాడు ఏమిటని అడుగుతూనే ఉన్నాడు. నల్లగా ఉన్న మన పిల్లలను తీసుకుని బయటికి వెళ్ళవద్దని తెలుగు కుటుంబాలన్నీ ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం. "మనకెందుకు" అన్న పెద్దాయన కూడా చేశారు. ఈసారి ఆ మాట అనలేదు.

తరువాతి కౌన్సిల్ సమావేశం సమావేశంలా జరగలేదు. కడుపు మండినవాళ్ళు లేచి అరిచారు, కొందరు బల్ల ఎక్కారు, అజెండా పక్కన పెట్టి గంటల తరబడి జనం చెప్పింది వినడమే జరిగింది. బాగా పొద్దుపోయాక, సంతాప సూచనగా లీ, జాక్సన్ విగ్రహాలకు నల్లటి ముసుగు వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీయడానికి కోర్టు ఒప్పుకోదు కనుక అంతవరకే చేయగలిగారు. ఆ ముసుగు మా ఊళ్ళో ఆరు నెలలు ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అది మామూలు టార్పాలిన్ పట్టా. గుర్రం చెవుల దగ్గర పొడుచుకొచ్చి, అడుగున తాళ్ళతో బిగించి ఉండేది. రాత్రిళ్ళు ఎవరో వచ్చి కోసిపోయేవారు, మళ్ళీ సిబ్బంది వచ్చి కట్టేవారు. చుట్టూ నారింజ రంగు ప్లాస్టిక్ కంచె కట్టి లోపలికి రావద్దని బోర్డు పెట్టారు. 2018 ఫిబ్రవరిలో జడ్జి ఆ ముసుగు కూడా తీసేయమన్నారు. తీసేశారు. 2019లో ఇవి యుద్ధ స్మారకాలేనని, కనుక చట్టం వర్తిస్తుందని తీర్పు వచ్చింది.

ఆ రోజుల్లో చాలామందికి ఓపిక నశించింది. తాళ్ళు కట్టి లాగేస్తే పోతుంది కదా అన్న మాట నేను మంచివాళ్ళ నోటనే విన్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు 2011 మార్చి 10 గుర్తుకు వచ్చేది. ఆ రోజు హైదరాబాదులో మిలియన్ మార్చ్ సందర్భంగా ట్యాంక్‌బండ్ మీది ఎన్నో విగ్రహాలను పగలగొట్టి, కొన్నింటిని హుస్సేన్‌సాగర్‌లో పడేశారు. ఆ కోపం వెనుక ఉన్న ప్రత్యేక రాష్ట్ర ఆవేదనను తక్కువ చేయను. మా అన్నదమ్ములే ఆ ఉద్యమంలో ఉన్నారు. కాని తరువాత ఆ విగ్రహాలను మళ్ళీ పెట్టారు, మన ఇళ్ళల్లో ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట పట్టింపులే. ఎవరిది ఉండాలి, ఎవరిది ఎందుకు అక్కరలేదు అన్న చర్చ మాత్రం సావకాశంగా, పేర్లు రాసుకుని, ఒకరి తరువాత ఒకరం కూర్చుని చేసుకోలేదు. ఇక్కడ ఆలస్యానికి చెల్లించిన మూల్యం ఘోరమైనది, దాన్ని నేను సమర్థించను. కాని ఓటు ద్వారా తీసినదాన్ని తిరిగి పెట్టాలంటే మళ్ళీ ఓటే కావాలి. అందుకే చట్టం మారేదాకా ఆగాలన్న వాళ్ళ పక్షానే నేను నిలబడ్డాను.

చట్టం మారింది. 2019 నవంబరు ఎన్నికల్లో వర్జీనియా శాసనసభలో ఆధిక్యం చేతులు మారింది, 2020లో కొత్త చట్టం చేశారు, అది జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థ ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, ముప్పై రోజుల తరువాత బహిరంగ విచారణ జరపాలి, తొలగించాలని ఓటు వేస్తే మరో ముప్పై రోజులు ఆ విగ్రహాన్ని మ్యూజియాలకూ చరిత్ర సంఘాలకూ యుద్ధభూములకూ ఇవ్వజూపాలి, ఆ తరువాత ఏం చేయాలన్నది దాని ఇష్టం. ఆ ఏడాది మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తరువాత, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో విగ్రహాలు వరసగా దిగిపోతుంటే, నాలుగేళ్ళ ముందే అడిగిన మా ఊళ్ళో మాత్రం పాత స్టే వల్ల కదలలేదు. 2021 ఏప్రిల్ 1న రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ స్టేను కొట్టివేసింది. కారణం వింటే గుండె భారమవుతుంది: 1997లో నగరాలకు విస్తరించిన చట్టం అంతకు ముందు నగరాల్లో నిలబెట్టిన విగ్రహాలకు అసలు వర్తించదట. అంటే 2017లోనే ఊరికి ఆ హక్కు ఉంది.

జూన్ 7న బహిరంగ విచారణ జరిగింది. కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోనే. ఎత్తైన బల్లా లేదు, మైకూ లేదు. పేరు పిలిస్తే మన ఇంట్లోంచి మనమే మాట్లాడాలి. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు, ఎక్కువమంది తీసేయమన్నారు. నేను ఈసారి క్లుప్తంగా, పక్కింటి పెద్దావిడ అనుమతితో, గుర్రాన్ని చూస్తే తెలిసేదన్న ఆవిడ మాట చెప్పి ముగించాను. కౌన్సిల్ ఏకగ్రీవంగా ఓటు వేసింది.

చట్టం చెప్పిన ముప్పై రోజులు గడిచాక, జులై 9 శుక్రవారం పార్కు చుట్టూ కంచెలు కట్టి వీధులు మూసేశారు. 10వ తేదీ శనివారం పొద్దున్నే వెళ్ళాం. పెద్దావిడ మడత కుర్చీ తెచ్చుకున్నారు. మేయర్ నికూయా వాకర్ క్లుప్తంగా మాట్లాడారు. పనివాళ్ళు గుర్రం పొట్ట కింద నుంచి వెడల్పాటి పట్టీలు దూర్చి క్రేను కొక్కేనికి తగిలించారు. విగ్రహం మొదట జానెడు లేచి ఆగింది, తరువాత మెల్లగా తిరిగి పక్కనున్న ట్రక్కు మీదికి దిగింది. చప్పట్లు కొట్టారు, పాడారు, కొందరు ఊరికే నిలబడ్డారు. తొంభై ఏడేళ్ళుగా నిలబడ్డది దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. ట్రక్కు మా ముందు నుంచే వెళ్ళింది. దగ్గరగా చూస్తే ఆ ముఖం నేననుకున్నంత కఠినంగా లేదు. వయసు పైబడిన, అలసిన మనిషి ముఖం. పెద్దావిడ కుర్చీ మడిచి, ఆకలి వేస్తోంది పదండి, అన్నారు.

అదే రోజు జరిగిన ఒక పని మీద నాకు అభ్యంతరం ఉంది. జాక్సన్ విగ్రహం కూడా దించాక, ఇరవై నిమిషాల వ్యవధితో అత్యవసర సమావేశం పెట్టి, పడమటి అమెరికాకు అన్వేషణ యాత్ర చేసిన లూయిస్, క్లార్క్, వారి వెంట వెళ్ళిన సకజవీయా అనే ఆదివాసీ స్త్రీ కలిసి ఉన్న వెస్ట్ మెయిన్ వీధి విగ్రహాన్ని కూడా తొలగించాలని కౌన్సిల్ నిర్ణయించింది. అందులో ఆ ఆదివాసీ స్త్రీ ఇద్దరు శ్వేతజాతి పురుషుల వెనుక వంగి కూర్చుని ఉంటుంది. ఆమె వంశీకులే వచ్చి అది అవమానకరంగా ఉందని చెప్పారు, 2019లోనే తొలగించాలని తీర్మానం కూడా అయింది. కనుక తీయడం సబబే. క్రేను ఎలాగూ వచ్చింది కాబట్టి ఖర్చు కలిసివచ్చిందన్నారు, అదీ నిజమే. కాని ఐదేళ్ళు ప్రతి మెట్టూ ఎక్కిన ఊరు, చివరి రోజున ఇరవై నిమిషాల నోటీసుతో మెట్లు దాటవేయడం నాకు నచ్చలేదు. ఆ విగ్రహాన్ని ఆ యాత్రికుల మీద ఏర్పాటైన ఇక్కడి కేంద్రానికి ఇచ్చారు.

లీ విగ్రహాన్ని ఎవరికివ్వాలన్నది 2021 డిసెంబరులో తేలింది. ఇక్కడి జెఫర్సన్ స్కూల్ ఆఫ్రికన్ అమెరికన్ హెరిటేజ్ సెంటర్ దాన్ని కరిగించి ఆ కంచుతో కొత్త కళాకృతి చేయిస్తామని ముందుకు వస్తే, కౌన్సిల్ వారికే ఇచ్చింది. మళ్ళీ దావా, మళ్ళీ ఎదురుచూపు. 2023 అక్టోబరులో, ఊరికి దూరంగా, పేరు బయటపెట్టని ఒక ఫౌండ్రీలో ముక్కలు కోసి కరిగించారు. నీల్‌లాగా మ్యూజియంలో ఉంచితే చాలునని మొదట్లో వాదించినదాన్ని కనుక కరిగించడం నాకు వెంటనే మింగుడుపడలేదు. కాని ఈ విగ్రహం ఎక్కడ నిలబెడితే అక్కడికి మళ్ళీ కాగడాలతో వస్తారన్న వారి భయం ఊహ కాదు, మేము చూసిందే. మా ఇంట్లో దీని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

ఆ కంచుతో ఏం చేయాలో చెప్పమని కేంద్రంవారు ఊరివాళ్ళను అడిగినప్పుడు నేనూ రాసి ఇచ్చాను: ఏది చేసినా తల ఎత్తి చూడనక్కరలేనంత ఎత్తులో చేయండి, పిల్లలు తాకేలా, దాని మీద కూర్చునేలా చేయండి, 1865 మార్చి 3న ఈ ఊళ్ళో విడుదలైనవారిలో ఎందరి పేర్లు దొరికితే అన్ని పేర్లు దాని మీద చెక్కించండి, అని.